కుందేలుకు తోడు తేవాలంటే ఏ జత మేలు?

ఒంటరిగా ఉన్న పెంపుడు కుందేలుకు తోడు తేవాలా అని ఎవరైనా అడిగితే తేవాలనే చెబుతాను. మనం ఇళ్లలో పెంచుకునే కుందేళ్లన్నీ యూరప్ కుందేలు సంతతే. అడవిలో అవి నేలలో బొరియలు తవ్వుకుని గుంపులుగా బతుకుతాయి. మన చేలగట్ల మీద కనిపించే చెవులపిల్లి వేరే జాతి. అది బొరియ తవ్వదు, ఎక్కువగా ఒంటరిగానే తిరుగుతుంది. దాన్ని చూసి ఇంట్లో కుందేలు కూడా ఒక్కతే హాయిగా ఉంటుందనుకోకూడదు.

అలాగని నచ్చిన రంగు చూసి ఇంకోదాన్ని తెచ్చి అదే బోనులో వదిలేస్తే చాలా ప్రమాదం. కుందేళ్ల కొట్లాట మనం ఊహించనంత ఘోరంగా ఉంటుంది. చర్మం చిరుగుతుంది, చెవులు తెగుతాయి, వెనక కాళ్ల తన్నులకు పొట్ట మీద లోతైన గాయాలవుతాయి. కాబట్టి కొనేముందు రంగు కంటే, జాతి కంటే ముఖ్యమైనవి మూడు చూడాలి: ఆడా మగా, వయసెంత, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా లేదా.

అన్నిటికన్నా బాగా కుదిరేది ఒక మగ, ఒక ఆడ, రెండింటికీ ఆపరేషన్ అయిన జత. ఇందులో నాకు రెండో మాట లేదు. హద్దుల కోసం పోట్లాడుకునే గుణం తగ్గుతుంది, ఒకదాని నుదురు ఒకటి నాకుతూ పక్కపక్కనే పడుకుంటాయి. ఆపరేషన్ లేకుండా ఇదే జతను కలిపితే మాత్రం సీన్ మారిపోతుంది. ఆడ కుందేలుకు జత కట్టినప్పుడే అండం విడుదలవుతుంది, అంటే గర్భం రావడానికి దాదాపు ఎప్పుడైనా సిద్ధమే. నెల రోజులకే ఈనుతుంది. ఈనిన రోజే మళ్లీ చూలు నిలవగలదు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో రెండు కుందేళ్లు కొద్ది నెలల్లో పాతిక అయ్యేది ఇలాగే. ఆ పిల్లల్ని ఎవరికి పడితే వాళ్లకు పంచేయడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. మగదానికి ఆపరేషన్ చేయించి ఇంటికి తెచ్చిన వెంటనే ఆడదాని దగ్గర వదలకూడదు. లోపల మిగిలిన వీర్యంతో నాలుగు నుంచి ఆరు వారాల వరకు గర్భం వచ్చే అవకాశం ఉంటుంది. అప్పటిదాకా మధ్యలో జాలీ ఉండాల్సిందే.

రెండింటికీ చేయించే డబ్బు ఇప్పుడు లేదంటే? మగదాని ఆపరేషన్ తేలిక, ఖర్చూ తక్కువ, ముందు అది చేయించండి. పిల్లలు పుట్టరు. కానీ ఆడదానికి చేయించడం మానేయొద్దు. ఆపరేషన్ కాని ఆడ కుందేళ్లలో మూడు నాలుగేళ్లు దాటాక గర్భాశయ క్యాన్సర్ చాలా ఎక్కువగా వస్తుంది. పైగా చూలు లేకపోయినా చూలున్నట్టు బొచ్చు పీక్కుని గూడు కట్టడం, దగ్గరికొస్తే మీద పడటం ఆగవు. తోడు సంగతి పక్కన పెట్టినా, దాని ప్రాణం కోసమైనా ఇది చేయించాలి.

డాక్టర్‌ను ఎంచుకునేటప్పుడు ఒక ప్రశ్న అడగండి: ముందు రోజు రాత్రి నుంచి పస్తు పెట్టాలా? కుక్కకు, పిల్లికి పెట్టాలి. కుందేలు వాంతి చేసుకోలేదు, దానికి పస్తు అక్కర్లేదు. పైగా కడుపు ఖాళీ అయితే పేగుల కదలిక మందగించి ప్రాణం మీదికి వస్తుంది. కుందేళ్లకు వైద్యం చేసే అలవాటున్న డాక్టర్ గడ్డి తిననివ్వమనే చెబుతారు. పన్నెండు గంటలు ఏమీ పెట్టొద్దన్న చోట నేనైతే చేయించను.

ఇక రెండు ఆడవి. ఒకే ఈతలో పుట్టి కలిసి పెరిగి, ఇద్దరికీ వేళకు ఆపరేషన్ అయితే ఇది బాగానే నడుస్తుంది. పెద్దయ్యాక కొత్తగా కలపడం మాత్రం కష్టం, ఎందుకంటే తన చోటును కాపాడుకోవడంలో మగదానికంటే ఆడదే గట్టిది. రెండు మగవి అంతకంటే కష్టం. ఆపరేషన్ లేని రెండు మగ కుందేళ్లు ఒకదాని వృషణాలను ఒకటి కొరికేసుకునే దాకా పోతాయి. చిన్నప్పుడు ఒకే పళ్లెంలో తిన్న అన్నదమ్ములు కూడా నాలుగైదు నెలల వయసొచ్చేసరికి బద్ధశత్రువులైపోతారు.

అందుకే షాపులో “ఇవి జత, బాగా కలిసుంటాయి” అనే మాటను పట్టించుకోకండి. రెండు నెలల పిల్లల్లో కలిసుండనివి ఉండవు. అంత చిన్న వయసులో ఆడా మగా కూడా తరచూ తప్పు చెబుతారు, కొన్న వారంలోనే డాక్టర్‌కు చూపించి తేల్చుకోండి.

మీ కుందేలు ఇప్పటికే పెద్దదైతే తోడుగా పిల్లను తేవాలా, పెద్దదాన్నా? ముద్దుగా ఉంటుందని అందరూ పిల్లనే తెస్తారు. నేను పెద్దదాని వైపే. దాని స్వభావం అప్పటికే తేలిపోయి ఉంటుంది, కుదరదంటే ముందే తెలుస్తుంది. పిల్లతో అయితే మొదట్లో కుదిరినట్టే ఉండి, అది ఈడుకొచ్చాక అంతా మళ్లీ మొదటికొస్తుంది. ఎవరో పెంచలేక వదిలేసిన పెద్ద కుందేలుకు ఇల్లు దొరకడం అన్నది ఇంకో మేలు. సైజు తేడా పెద్ద సమస్య కాదు, ఐదు కిలోల న్యూజిలాండ్ వైట్ కూడా చిన్న డచ్ కుందేలు పెత్తనానికి తలొగ్గుతుంది.

గినీ పిగ్‌ను తోడు తెస్తే ఎలా ఉంటుందని చాలామంది అడుగుతారు. పిల్లలు పుట్టరు, ఆపరేషన్ ఖర్చుండదు, రెండూ గడ్డే తింటాయి కదా అని. వద్దు. కుందేలు ఒక్క తన్ను తన్నితే గినీ పిగ్ ఎముక విరగొచ్చు. కుందేళ్ల ముక్కుల్లో ఏ హానీ చేయకుండా ఉండే బోర్డెటెల్లా అనే బాక్టీరియా గినీ పిగ్‌కు అంటితే న్యుమోనియా తెస్తుంది. గినీ పిగ్‌కు విటమిన్ సి రోజూ తిండిలోనే అందాలి. కుందేలు ఒంట్లో అది తయారవుతుంది కాబట్టి కుందేలు దాణా గినీ పిగ్‌కు చాలదు. అన్నిటికీ మించి ఒకదాని సైగలు ఒకదానికి అర్థం కావు. పక్కన ప్రాణి ఉన్నా రెండూ ఒంటరివే.

ఏ జతను ఎంచుకున్నా కలపడంలో తొందర పనికిరాదు. ముందు రెండు బోన్లు పక్కపక్కన, కొరికేంత దగ్గర కాకుండా. కింద పరిచిన గుడ్డలు రోజూ ఒకదాని బోనులోంచి ఇంకోదాని బోనులోకి మార్చండి, వాసన అలవాటవుతుంది. గరిక, కొత్తిమీర ఒకే వేళకు జాలీకి అటూ ఇటూ పెట్టండి. జాలీ పక్కనే ఒళ్లు వాల్చి పడుకోవడం మొదలయ్యాక, రెండూ ఎప్పుడూ తిరగని గదిలో కొద్దిసేపు వదలండి. టైల్స్ మీద కాళ్లు జారి బెదిరిపోతాయి, చాప పరవండి. ఒకటి వెంటపడటం, మీదెక్కడం, కాస్త బొచ్చు పీకడం మామూలే. తోకలు పైకెత్తి చెవులు వెనక్కి వాల్చి గుండ్రంగా తిరుగుతుంటే మాత్రం క్షణం ఆగకుండా విడదీయాలి. చేతులకు మందపాటి తువ్వాలు చుట్టుకోండి, గట్టిగా కరుస్తాయి. కొన్ని జతలు వారంలో కుదురుతాయి, కొన్నింటికి నెలలు పడుతుంది. ఈ పని ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకోకపోవడం మంచిది. ముప్పై డిగ్రీలు దాటితేనే కుందేలుకు ఊపిరాడదు, ఆ వేడికి ఈ టెన్షన్ కూడా తోడైతే తట్టుకోలేదు.

ఎంత ప్రయత్నించినా కుదరకపోతే బలవంతంగా కలిపి ఉంచొద్దు. జాలీకి అటొకటి ఇటొకటి ఉన్నా ఒకదాన్నొకటి చూసుకుంటాయి, వాసన తెలుస్తుంది. ఒంటరిగా ఉండటం కంటే అది చాలా నయం. రెండో కుందేలుకు చోటే లేదంటే ఆ తోడు మీరే అవ్వాలి. కుందేలు చురుగ్గా ఉండేది తెల్లవారుజామున, సాయంత్రం చీకటి పడే వేళ. ఆఫీసుకెళ్లేవాళ్లకు ఆ రెండు వేళలూ ఇంట్లోనే గడుస్తాయి. అప్పుడు ఫోన్ పక్కన పెట్టి నేల మీద దాని ఎత్తులో కూర్చోండి, అదే దగ్గరికొస్తుంది.

కుదిరిన జతలో ఒకదానికి జబ్బు చేస్తే రెండింటినీ ఒకే బుట్టలో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఒక్కదాన్నే తీసుకెళ్లి తెస్తే, ఒంటికి పట్టిన ఆస్పత్రి వాసనకు ఇంట్లో ఉన్నది దాన్ని పరాయిదనుకుని తరుముతుంది. అప్పుడు మళ్లీ జాలీ దగ్గర నుంచి మొదలుపెట్టాలి.