పరవాడ బల్క్‌డ్రగ్ కంపెనీలో ప్రొడక్షన్ మేనేజర్ ఇంటర్వ్యూ: టెక్నికల్‌కి 4 మార్కులు, హెచ్‌ఆర్‌కి 2

కంపెనీ పేరు రాయడం లేదు. జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీలో యూనిట్ ఉన్న బల్క్‌డ్రగ్ (మందుల్లో వాడే అసలు పదార్థం) తయారీ కంపెనీ, పన్నెండేళ్ల పైన అనుభవం అడిగే పోస్టు. 2022లో పరవాడ అనకాపల్లి జిల్లాలోకి పోయింది కానీ జనం లెక్కలో ఇది ఇప్పటికీ వైజాగ్ ఉద్యోగమే.

మొదటి రౌండ్ ఆదివారం వాక్-ఇన్, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఓ హోటల్లో. టోకెన్ పొద్దున్నే ఇస్తారు, మేనేజర్ల వంతు మాత్రం కెమిస్టులందరూ అయ్యాకే. టిఫిన్ గట్టిగా చేసి వెళ్లండి.

అసలు పరీక్ష ప్లాంటులో జరిగే రెండో రౌండ్. ఎదురుగా ప్రొడక్షన్ జీఎం, క్యూఏ (నాణ్యత విభాగం) హెడ్, సేఫ్టీ ఆఫీసర్. రెజ్యూమెలో ఏముందో వీళ్లకు పట్టదు. "బ్యాచ్ ఈల్డ్ (చేతికొచ్చిన సరుకు) 92 నుంచి 88 శాతానికి పడింది. ఏం చేస్తారు?" అంటారు. "రూట్ కాజ్ ఎనాలిసిస్ చేస్తాం సార్" అని ఊరుకుంటే కథ అక్కడితో సరి. వాళ్లకు కావలసింది వరస. ముందు అంకె నిజమో కాదో చూడాలి: తూకం కాటా కాలిబ్రేషన్, పొడిలో తేమ. పాత బ్యాచ్ 2 శాతం తేమతో తూచి, కొత్తది పూర్తిగా ఆరాక తూస్తే పోయిన నాలుగులో దాదాపు రెండు నీళ్లే. తర్వాత ముడిసరుకు అస్సే (అందులో అసలు పదార్థం ఎంత శాతమో). ఆ తర్వాత మదర్ లిక్కర్ (ఫిల్టర్ చేశాక మిగిలే ద్రావణం): 5 డిగ్రీల దగ్గర ఫిల్టర్ చేయాల్సింది 15 దగ్గర చేస్తే సరుకు ద్రావణంలోనే ఉండిపోతుంది. మదర్ లిక్కర్ శాంపిల్ ల్యాబుకి పంపితే లెక్క తేలుతుంది. వాష్ సాల్వెంట్ ఎక్కువ పోసినా అంతే. వీటితో పాటు డీవియేషన్ (తేడా వచ్చిందన్న రికార్డు) ఆ షిఫ్టులోనే రాయించానని చెప్పకపోతే క్యూఏ హెడ్ పెన్ను కింద పెట్టేస్తారు.

సేఫ్టీ ఆఫీసర్ ప్రశ్నల్లో మెలిక ఉంటుంది. 2024 ఆగస్టులో అచ్యుతాపురం పేలుడులో 17 మంది పోయిన తర్వాత ఈ ప్రాంతంలో ఈ ప్రశ్నలను ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. రియాక్టర్లోకి మనిషిని దించే ముందు మొట్టమొదట ఏం కొలుస్తారు? చాలామంది ఎల్‌ఈఎల్ (ఆవిరి మంటందుకునే కనీస స్థాయి) అంటారు. తప్పు. నైట్రోజన్ పెట్టిన రియాక్టర్లో ఆక్సిజన్ ఉండదు, ఎల్‌ఈఎల్ కొలిచే మామూలు క్యాటలిటిక్ సెన్సరుకి పని చేయడానికి ఆక్సిజనే కావాలి. లోపల సాల్వెంట్ ఆవిరి నిండుగా ఉన్నా మీటరు సున్నా చూపించవచ్చు. అందుకే గాలి కొట్టించి ముందు ఆక్సిజన్ చూడాలి, 19.5 నుంచి 23.5 శాతం మధ్య ఉండాలి. తర్వాతే ఎల్‌ఈఎల్, ఆపైన విషవాయువులు. లైన్లకు వాల్వు మూస్తే చాలదు, బ్లైండ్ (లైనును పూర్తిగా మూసే ప్లేటు) వేయాలి. బయట కాపలా మనిషి తప్పనిసరి. ప్రశ్నలు న్యాయమైనవే, అడిగే తీరూ మర్యాదగానే ఉంది. నాలుగు మార్కులు అందుకే.

హెచ్‌ఆర్ దగ్గర మాత్రం జాగ్రత్త. 18 లక్షల సీటీసీ (మీ మీద కంపెనీకి ఏడాదికయ్యే మొత్తం ఖర్చు) అంటే నెలకు లక్షన్నర అనుకుంటారు. బేసిక్ 9 లక్షలు, వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చేది) సీటీసీలో 15 శాతం అనుకుని లెక్క కట్టండి: వేరియబుల్ 2,70,000, కంపెనీ వాటా పీఎఫ్ బేసిక్‌లో 12 శాతం చొప్పున 1,08,000, గ్రాట్యుటీ 4.81 శాతం చొప్పున 43,290. ఇవన్నీ సీటీసీలోంచే పోతాయి. మీ వాటా పీఎఫ్ నెలకు 9,000 కూడా పోతే చేతికొచ్చేది నెలకు సుమారు 1,05,900, అదీ టాక్స్ కోతకు ముందు. బ్రేకప్ కాగితం అడిగితే "జాయినయ్యాక ఇస్తాం" అన్నారు. అదే రెండు మార్కులకు కారణం. కాగితం మెయిల్లో వచ్చేదాకా పాతచోట రాజీనామా పెట్టకండి, ఒరిజినల్ సర్టిఫికెట్లు వదిలిపెట్టి రాకండి.

నోటీసు మూడు నెలలు. బయౌట్ (నోటీసు బదులు పాత కంపెనీకి కట్టే డబ్బు) వీళ్లు కడతారా లేదా ఆఫర్ లెటర్లోనే రాయించుకోండి. కంపెనీ బస్సు ఎన్‌ఏడీ దాకానా, మద్దిలపాలెం దాకానా అనేది కూడా అప్పుడే అడగాలి. ఎంవీపీ కాలనీ నుంచి రోజూ సొంత కారంటే పెట్రోలు ఖర్చు హైక్‌లో సగం తినేస్తుంది.