క్రాకో–ఐండ్‌హోవెన్ నేరు విమానం: ఆరేళ్ల తరువాత

నా ఉద్యోగం పోలండ్‌లోని క్రాకోలో, నా భార్య ఉద్యోగం నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో కావడంతో ఆరేళ్లుగా నెలకు రెండుసార్లు ఈ నేరు విమానంలో తిరుగుతున్నాను. రెండు గంటల్లో దిగి, బయట సిటీ బస్సెక్కి ఇల్లు చేరడంలోని సుఖం, కనెక్షన్ కోసం గేటు నుంచి గేటుకు పరుగెత్తినవారికి బాగా తెలుస్తుంది. యూరప్‌లో ఇక హబ్‌ల, అంటే ప్రయాణికులు విమానం మారే పెద్ద విమానాశ్రయాల, అవసరం తీరిపోయిందని అడిగినవారందరికీ చెప్పేవాడిని.

ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకుంటున్నాను. మూడేళ్ల క్రితం ఫిబ్రవరిలో, మా పాప అన్నప్రాశనకు ముందురోజు సాయంత్రం, గేటు దగ్గర వరుసలో ఉండగా సిబ్బంది లేరని విమానాన్ని రద్దు చేశారు. శని, ఆదివారాల విమానాలు అప్పటికే నిండిపోయాయని, సోమవారం రాత్రికే సీటు ఇవ్వగలమని యాప్‌లో వచ్చింది. వీలైనంత త్వరగా గమ్యం చేర్చాలని 2004 నాటి 261వ నంబరు యూరోపియన్ నిబంధన చెబుతోందని ఎంత వాదించినా, కౌంటర్‌లోని అమ్మాయి చేతిలో ఏమీ లేదు. 1,500 కిలోమీటర్లలోపు దూరానికి రావలసిన 250 యూరోల పరిహారం నాలుగు నెలలకు అందింది.

ఆ రాత్రే సొంత డబ్బుతో మ్యూనిక్ మీదుగా, ఐండ్‌హోవెన్‌కు దగ్గరలోని జర్మన్ నగరం డ్యూసెల్‌డార్ఫ్‌కు టికెట్ కొన్నాను. తెల్లవారి మంచు వల్ల మొదటి విమానం ఆలస్యమై, రెండోది తప్పిపోయింది. అయితే సీటు బెల్టు విప్పేలోపే, తరువాతి విమానంలో సీటు ఖరారైనట్లు ఫోన్‌కు సందేశం వచ్చింది. రెండు ప్రయాణాలూ ఒకే టికెట్ మీద ఉండటం వల్ల, ఆ ఊరికి రోజూ పలు విమానాలు ఉండటం వల్ల అది సాధ్యమైంది. ముహూర్తం దాటినా, సాయంత్రానికి పాపను ఎత్తుకోగలిగాను.

8,700 కిలోమీటర్లు ఎగరగల ఎయిర్‌బస్ ఎ321 ఎక్స్‌ఎల్‌ఆర్ వంటి చిన్న విమానాలతో, ప్రయాణికులు తక్కువగా ఉండే ఊళ్ల మధ్య కూడా నేరు సర్వీసులు పెరుగుతాయని నమ్ముతున్నాను. అయినా 2024 నవంబరులో స్పెయిన్ విమాన సంస్థ ఐబీరియా దానిని తొలిసారి బోస్టన్‌కు నడిపింది తన హబ్ మాడ్రిడ్ నుంచే. వారానికి రెండు మూడు సర్వీసులే ఉండే మార్గంలో ఒకటి రద్దయితే ప్రయాణికుడు ఏం చేయాలన్నది ఏ కొత్త విమానమూ తేల్చలేదు.

మామూలు వారాల్లో ఇప్పటికీ నేరు విమానమే ఎక్కుతున్నాను; చేతిసంచితో ఒంటరిగా వెళ్లేవాడిని, అవసరమైతే సోమవారం ఇంటి నుంచి పనిచేసుకోగలవాడిని. హైదరాబాద్ నుంచి మా అమ్మ వచ్చినప్పుడు మాత్రం ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా క్రాకో వరకు ఒకే టికెట్ తీస్తాను.