థైరోనార్మ్ 120 బిళ్లల సీసా: గోదావరి గాలికి తట్టుకుంటుందా?

మందు మంచిదే. థైరాయిడ్ తక్కువగా పనిచేసేవాళ్లు వాడే లీవోథైరాక్సిన్ ఇది. 62.5, 88, 112 మైక్రోగ్రాముల లాంటి మధ్య మోతాదులు కూడా దొరకడం పెద్ద సౌకర్యం. కానీ 12.5, 125 రెండూ ఉన్నాయి కాబట్టి షాపులోనే చుక్క చూసుకోండి. చీటీలో ఆ చుక్క కనిపించకపోతే మోతాదు పదింతలవుతుంది.

సీసా సైజు దగ్గరే మాకు అభ్యంతరం. కొత్తగా మందు మొదలుపెట్టినప్పుడు 6 నుంచి 8 వారాలకి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూసి మోతాదు మారుస్తారు. అప్పటికి 42 నుంచి 56 బిళ్లలే అయిపోతాయి, సగం పైగా మిగిలిపోతుంది. 50 నుంచి 75కి పెంచితే పాత సీసా పారేయకండి. 25 సీసా కొని రెండూ కలిపి వేసుకోవచ్చేమో డాక్టరుని అడగండి. మోతాదు కుదిరినవాళ్లకైతే నాలుగు నెలలపాటు షాపు చుట్టూ తిరిగే పని ఉండదు.

అసలు చిక్కు తేమతో. ఈ మందుకి వేడి, వెలుతురు, తేమ మూడూ పడవు. శ్రావణమాసంలో కోనసీమలో వేయించిన అప్పడం ఎంతసేపు కరకరలాడుతుందో తెలుసు కదా, మూత వదులుగా పెట్టిన సీసాలోకీ ఆ గాలే వెళ్తుంది. పొయ్యి పక్క అలమర, ఫ్రిజ్ నెత్తి, కిటికీ గూడు వద్దు. బీరువా కింది అరలో బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో సీసాతోనే ఉంచండి. వారం అరల డబ్బాలోకి ఏడు బిళ్లలకి మించి తీయొద్దు.

"ఈ బిళ్ల పనిచేయట్లేదు" అన్న ఫిర్యాదు చాలాసార్లు కాఫీ దగ్గర తేలుతుంది. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కాఫీకి, టిఫినుకి అరగంట నుంచి గంట ఆగాలి. ఐరన్, కాల్షియం, గ్యాస్‌కి వాడే యాంటాసిడ్ మందులకి 4 గంటల ఎడం కావాలి, లేకపోతే పేగుల్లోనే ఈ మందుని పట్టేసుకుంటాయి. తెల్లవారకముందే చెరువుల మీదకి వెళ్లేవాళ్లు, డాక్టరు సరేనంటే, రాత్రి భోజనమయ్యాక 3 గంటలు ఆగి వేసుకోవచ్చు. రోజూ ఒకే వేళ పాటించడం ముఖ్యం.

పరీక్షకి రక్తం ఇచ్చే రోజు, ఇచ్చాకే బిళ్ల వేసుకోండి. జుట్టుకి బయోటిన్ వాడుతుంటే కనీసం 2 రోజుల ముందు ఆపండి, ల్యాబులు వాడే కొన్ని పరీక్ష కిట్లలో టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా చూపిస్తుంది. గర్భం నిలిచిందని తెలిస్తే మాత్రం తర్వాతి పరీక్ష తేదీ దాకా ఆగకుండా ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లండి, మోతాదు పెంచాల్సి రావచ్చు.