అలంపురంలో చిత్రీకరణ అనుమతులు: ఒక సేవాసంస్థపై నా సమీక్ష

గద్వాల చీరలపై మేము తీసిన ప్రచార చిత్రానికి అనుమతులు తెచ్చిపెట్టే పనిని హైదరాబాదులోని ఒక సంస్థకు అప్పగించాము. అలంపురంలో చిక్కు ఏమిటంటే, 7, 8 శతాబ్దాల నాటి బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉండగా, పక్కనే ఉన్న జోగులాంబ ఆలయం రాష్ట్ర దేవాదాయ శాఖ కిందికి వస్తుంది. ఒకరి అనుమతి మరొకరి ఆవరణలో చెల్లదు. ఈ తేడాను వారు మొదటి రోజే గుర్తించి, దేనికి దానికి విడివిడిగా దరఖాస్తు సిద్ధం చేశారు. సన్నివేశాల వివరాలు, పరికరాల జాబితా, సిబ్బంది గుర్తింపు పత్రాలు ముందే అడిగి తీసుకోవడం నాకు ఎంతో నచ్చింది.

డ్రోన్ విషయంలో మాత్రం నిరాశపరిచారు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో (డ్రోన్ల గగనతల పటంలో ఆకుపచ్చగా గుర్తించిన ప్రాంతంలో) 400 అడుగుల వరకు ఎగరడానికి ముందస్తు అనుమతి అక్కరలేదన్నంత వరకే చెప్పి, అది గగనతలానికి వర్తించే మాటేగాని రక్షిత కట్టడంలో చిత్రీకరణకు కాదన్న సంగతి చెప్పలేదు. ఆ రోజు తుంగభద్ర ఒడ్డున డ్రోన్‌ను పెట్టెలోనే ఉంచవలసి వచ్చింది. రుసుముల రసీదులన్నీ ఇచ్చారు. నేల మీద చిత్రీకరణకైతే వారిని నమ్మవచ్చు; డ్రోన్ ఉంటే ప్రతి అనుమతి పత్రాన్నీ స్వయంగా చదువుకోండి.