సెకనుకు 10 కొలతలు: వోల్టామెట్రీతో కొన్నేళ్ల అనుభవం

ఫాస్ట్ స్కాన్ సైక్లిక్ వోల్టామెట్రీ (వోల్టేజిని చకచకా మార్చి, వచ్చే కరెంటుని బట్టి రసాయనాన్ని పసిగట్టే పద్ధతి) మీద అమెరికాలోని ఒక ల్యాబ్‌లో కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను. మనిషి మెదడులో డోపమైన్ (నరాల కణాలు కబుర్లు పంపుకునే ఒక రసాయనం) క్షణాల్లో ఎలా మారుతుందో చూడాలంటే ఇప్పటికీ దీని మీదే నాకు గురి. ఎఫ్‌ఎంఆర్‌ఐ అనే మెదడు స్కాన్‌లో కనిపించేది రక్తంలో ఆక్సిజన్ మార్పే. రేడియోధార్మిక పదార్థం ఎక్కించి తీసే పెట్ స్కాన్‌కి పదుల నిమిషాలు పడుతుంది.

ఇందులో 7 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందమున్న కార్బన్ ఫైబర్ ఎలక్ట్రోడ్ కొనకి −0.6 నుంచి +1.4 వోల్టుల దాకా ఎక్కించి దించుతాం. మొత్తం 10 మిల్లీసెకన్లు, సెకనుకు 10 సార్లు. వోల్టేజి పైకి పోయేటప్పుడు డోపమైన్ ఎలక్ట్రాన్లు వదులుతుంది, ఆ కరెంటు మనకి దొరుకుతుంది. వేగం విషయంలో వంక పెట్టడానికి లేదు.

తలనొప్పంతా ఆ కరెంటులోనే. ఫైబర్ ఉపరితలం ఛార్జ్ కావడానికి పోయే కరెంటు డోపమైన్‌ది కన్నా ఎన్నో రెట్లు పెద్దది. ఊరేగింపులో బ్యాండు మోత మధ్య పక్కవాడి గుసగుస పట్టుకున్నట్టే. పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) కాస్త మారినా కరెంటు గీత మారుతుంది. సెరటోనిన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే వేరే మెదడు రసాయనాలు కూడా దగ్గర దగ్గర వోల్టేజిల్లోనే పలుకుతాయి. అందుకే ముందు ఫ్లో సెల్‌లో (ఎలక్ట్రోడ్ మీదుగా ద్రావణం పారే చిన్న గదిలో) తెలిసిన మోతాదుల ద్రావణాలు పంపి, ఆ గీతలతో కంప్యూటర్ మోడల్‌కి నేర్పిస్తాం. అంటే యంత్రం కొలిచేది కరెంటుని, డోపమైన్ అని పేరు పెట్టేది మోడల్. కొత్తవాళ్లు ఈ తేడా మర్చిపోతుంటారు.

ఇక మనుషుల సంగతి. దీని కోసమని ఎవరి పుర్రెకీ రంధ్రం పెట్టరు. పార్కిన్సన్స్ లాంటి జబ్బులకి డీబీఎస్ (మెదడు లోపల ఎలక్ట్రోడ్ అమర్చి కరెంటుతో చేసే చికిత్స) ఆపరేషన్ ఎలాగూ జరుగుతుంటే, అనుమతి తీసుకుని, మెలకువగా ఉన్న పేషెంటు చేత ఒక చిన్న ఆట ఆడిస్తారు. దొరికేది అరగంట లోపే. పేషెంటు దగ్గితే చాలు, గీత ఎగిరిపడుతుంది. మెదడు లోపల డోపమైన్ ఎక్కువగా చేరే స్ట్రయేటమ్ అనే భాగంలో ఇలా తొలిసారి కొలిచిన ఫలితం 2011లో వచ్చింది. 2016లో కిషిదా, మాంటేగ్ అనే పరిశోధకుల బృందం 17 మంది పార్కిన్సన్స్ పేషెంట్ల చేత పందెం ఆట ఆడించి, వచ్చిన లాభమే కాక 'ఇంకోలా పందెం కాసి ఉంటే ఎంత వచ్చేదో' అన్న లెక్క కూడా డోపమైన్‌లో కలిసి ఉంటుందని చూపించింది. నాకు బాగా నచ్చిన ఫలితం అదే. కాకపోతే ఆ మెదళ్లలో డోపమైన్ కణాలు అప్పటికే చాలా పోయి ఉంటాయి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కొలతలేమో మన దగ్గర లేవు.

ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు తగ్గింది అన్నది నమ్ముతాను. అసలు ఎంత ఉంది అన్న అంకెని నమ్మను. ఎవరు గ్రాఫ్ చూపించినా నేను ముందు అడిగేది ఒకటే: మోడల్‌కి ఏ ఎలక్ట్రోడ్‌లతో నేర్పించారు, ఆపరేషన్‌లో వాడింది వాటిలో ఉందా, లేదా?