జాక్సన్ హైట్స్‌లో సాల్సా క్లాసు: ఆరు వారాలు వెళ్లొచ్చాక

న్యూయార్క్ జాక్సన్ హైట్స్‌లో 74వ వీధి మన కొట్లకి కరివేపాకు కోసం ఏళ్లుగా వెళ్తున్నా, నాలుగడుగులేస్తే రూజ్‌వెల్ట్ అవెన్యూ పక్కన సాల్సా డాన్సు నేర్పుతారని మొన్నటిదాకా తెలీదు. మంగళవారాలు గంట క్లాసు, తర్వాత పదకొండింటి దాకా ఎవరిష్టం వాళ్లు ఆడుకోవచ్చు, మొత్తం 20 డాలర్లు.

ముందు తిట్లు. కార్డు తీసుకోరు, ఆ సంగతి మెట్లన్నీ ఎక్కాక చెప్తారు. ఏసీ ఉందంటే ఉంది. పైగా నేను వీడియోలు చూసి ఒకటో లెక్కకి అడుగు ముందుకేయడం అలవాటు చేసుకుని వెళ్తే, ఇక్కడ నేర్పేది న్యూయార్క్ పద్ధతి, ఎడ్డీ టోరెస్ అనే డాన్సు మాస్టారు పాపులర్ చేసింది, రెండో లెక్క మీద దిశ మారాలి. రెండు వారాలు కనపడ్డవాళ్ల కాళ్లన్నీ తొక్కాను.

కానీ టీచరమ్మ బంగారం. అడుగుల కన్నా ముందు చప్పట్లు నేర్పింది, ఎనిమిది లెక్కల్లో ఐదు దెబ్బలు: మూడు ఎడంగా, రెండు దగ్గరగా. దాన్ని క్లావే అంటారు. ఆదితాళం వేసిన చేతికి ఎనిమిది లెక్కలు సులువే, దెబ్బల మధ్య ఆ ఎడమే చంపేసింది.

మూడు నిమిషాలకోసారి "కాంబియో!" అని అరుస్తుంది, జోడీ మారాలి. అలా ఒక్క రాత్రిలో కొలంబియా కుర్రది, హార్లెమ్ నర్సు, డొమినికన్ బామ్మ, అందరితో ఆడేశాను. బామ్మయితే "బస్సులో రాడ్డు పట్టుకున్నట్టు పట్టుకోకు నాయనా" అని నా వేళ్లు ఒక్కొక్కటీ వదులు చేసింది.

ఈ కలగలుపు కొత్తేం కాదు. 1950ల్లో మన్‌హాటన్‌లో పల్లాడియం అనే డాన్సు హాల్లో నల్లవాళ్లు, ప్యూర్టోరికన్లు, యూదులు, ఇటాలియన్లు ఒకే ఫ్లోర్ మీద సాల్సాకి ముందొచ్చిన మాంబో ఆడారు. 1964లో ఫానియా రికార్డ్స్ అనే సాల్సా పాటల కంపెనీ పెట్టింది డొమినికన్ జానీ పచెకో, ఇటాలియన్ మూలాల లాయరు జెర్రీ మసూచి. అందులో పియానో వాయించి పేరు తెచ్చుకున్న లారీ హార్లో బ్రూక్లిన్ యూదుడు. అలాగని అంతా పాలూ నీళ్లలా కలిసిపోయారని టీచరమ్మ ఊదరగొట్టదు, అది నాకు నచ్చింది. క్యూబా నల్లవాళ్ల సంగీతానికి సాల్సా అని లేబులేసి అమ్మారన్న గొడవ కూడా చెప్తుంది. మాంబో రోజుల్లో పేరుమోసిన డ్రమ్స్ కళాకారుడు టిటో ప్వెంటే అయితే సాల్సా అంటే తినే సాస్, నేను వాయించేది క్యూబా సంగీతం అనేవాడట.

చివర్లో ఒక్కో దేశం పేరు పిలుస్తుంది, ఆ దేశంవాళ్లు కేకేయాలి. మూడో వారం "ఇండియా!" అని పిలిస్తే నేనొక్కణ్ణే అనుకుని సిగ్గుపడుతూ అరిచాను. వెనకనుంచి ఇంకో గొంతు! దక్షిణ అమెరికాలోని గయానా ఆవిడ. ముత్తాత మద్రాసులో ఓడెక్కి చెరకు తోటల్లో కూలికి వెళ్లాడట. ఏ ఊరో తెలీదంది, కానీ తర్వాతి పాటకి నన్నే లాక్కెళ్లింది.

నాలుగు స్టార్లు. వెళ్లేవాళ్లు నగదూ, ఇంకో చొక్కా పట్టుకెళ్లండి.