ఫెర్గూసన్ గ్రాండ్ జ్యూరీ సాక్ష్యాల మీద లైబ్రరీ క్లాసులు: 5కి 4 స్టార్లు

అమెరికాలో మిస్సోరి రాష్ట్రం, సెయింట్ లూయిస్ కౌంటీలో మా దగ్గరి లైబ్రరీ వాళ్ళు పెట్టిన క్లాసులివి, నాలుగు గురువారాలు, సాయంత్రం రెండేసి గంటలు, ఫ్రీ. 2014 ఆగస్టు 9న ఫెర్గూసన్‌లో డారెన్ విల్సన్ అనే పోలీసు కాల్పుల్లో 18 ఏళ్ళ మైకేల్ బ్రౌన్ చనిపోయిన కేసు. పిల్లాడి చేతిలో ఆయుధం లేదు, శవం నాలుగు గంటలు రోడ్డు మీదే ఉంది, అయినా గ్రాండ్ జ్యూరీ (కేసు కోర్టుకెళ్ళాలా వద్దా తేల్చే పౌరుల బృందం) విల్సన్ మీద అభియోగం మోపలేదు, ఇంక చర్చించడానికేముంది అనుకుంటూనే వెళ్ళాను నేను.

రెండో వారం కొలిచే టేపు పట్టుకుని మమ్మల్ని పార్కింగ్ లాట్‌లోకి తీసుకెళ్ళారు. పోలీసు బండికీ శవం పడిన చోటికీ మధ్య దాదాపు 150 అడుగులు, అంత దూరం హాల్లో కుదరదు. ఒకాయన ఆ చివర నిలబడి చేతులు భుజాల దాకా ఎత్తి దించేశాడు, అంతే. చూసింది రాయమంటే పది మందిలో ముగ్గురు చేతులు పైకెత్తాడని, ఇద్దరు మన వైపు నడిచాడని రాశారు, ఆయన అడుగు కూడా కదల్లేదు. నేనైతే చేతులు కిందే ఉన్నాయని రాశా! అక్కడ అబద్ధమాడాలని ఎవరికీ లేదు. బ్రౌన్ చేతులెత్తాడా, పోలీసు వైపు వచ్చాడా అని ఈ కేసులో సాక్షులు తలో మాట చెప్పారంటే అందరూ అమ్ముడుపోయారనుకునేదాన్ని, ఆ రోజుతో ఆ మాట మానేశా.

మూడో వారం రక్తం మరకలు, గాయాలు, మూడు పోస్ట్‌మార్టమ్‌లు. చేతి గాయంలో మసి ఉంది, అంటే ఒక తూటా చాలా దగ్గర్నుంచి తగిలింది. శవం పడిన చోటు దాటి ఇంకొంచెం దూరంలో కూడా బ్రౌన్ రక్తం దొరికింది, అంటే పరిగెత్తినవాడు వెనక్కి తిరిగి వచ్చాడు. లొంగిపోడానికొచ్చాడా మీదకొచ్చాడా అన్నది మాత్రం రక్తం చెప్పదు కదా, దాని మీదే గంటసేపు వాదన నడిచింది, ఆ గంట కోసమైనా వెళ్ళాల్సిన క్లాసులివి.

ఒక స్టార్ తగ్గించింది చట్టం భాగానికి. గ్రాండ్ జ్యూరీ పని నేరం రుజువైందో లేదో తేల్చడం కాదు, కేసు కోర్టుకెళ్ళడానికి తగిన ఆధారం ఉందా అని చూడటం, మిస్సోరిలో 12 మందిలో 9 మంది ఒప్పుకోవాలి. అక్కడ జడ్జి కూర్చోడు, అవతలి లాయర్ ఉండడు, అంతా ప్రాసిక్యూటర్ల చేతిలోనే. మామూలుగా కొద్దిమంది సాక్షులతో అయిపోయేది ఇక్కడ 60 మందితో 25 రోజులు నడిచింది, విల్సన్ ఒక్కడే నాలుగు గంటలు మాట్లాడాడు. పైగా విల్సన్ వాంగ్మూలం ముందు జ్యూరీకి ఇచ్చిన చట్టం కాపీలో పారిపోయేవాణ్ణి కాల్చడానికి పోలీసుకి మరీ ఎక్కువ అధికారం ఉంది, సుప్రీం కోర్టు దాన్ని 1985లోనే టెన్నెసీ వర్సెస్ గార్నర్ కేసులో కట్టడి చేసింది, జ్యూరీకి ఆ మాట చెప్పింది నవంబర్‌లో, నిర్ణయానికి కొద్ది రోజుల ముందు. నా మటుకు నాకు కేసంతటికీ గుండెకాయ ఇదే. క్లాసులో ఇరవై నిమిషాల్లో కానిచ్చేశారు, నేను చెయ్యెత్తితే టైమైపోయిందన్నారు.

చెప్పిన రిటైర్డ్ లాయర్ గారు మాత్రం ఏ పక్షానా మొగ్గలేదు, ఎవరైనా గొంతు పెంచితే "ఏ పేజీలో ఉందమ్మా అది" అని అడిగేవారు, అంతే, హాలు సర్దుకునేది. ప్రింటవుట్లలో అక్షరాలు మరీ చిన్నవి, కళ్ళజోడు తీసుకెళ్ళండి. ఈ కేసు మీద 2015 మార్చి నాటి ఫెడరల్ (కేంద్ర న్యాయశాఖ) రిపోర్టు చివరి వారం ఇస్తారు, అది మొదటి వారమే ఇవ్వాల్సింది. చట్టం కోసం ఇంకో గురువారం పెట్టమని రాసిచ్చొచ్చా, చూస్తామన్నారు.